వనరాజా, గ్రామప్రియ కోళ్లు: రెండున్నరేళ్లు పెంచినంక నా రివ్యూ

ముందే చెప్తున్న, నేను కోళ్ల ఫామ్ ఓనర్ని కాదు. భువనగిరి దిక్కు మా ఊర్లె ఇంటెనక నాలుగు గుంటల జాగ ఉంది, రెండు చింతచెట్లు, ఒక పాత బర్లకొట్టం, అందులో ఇప్పుడు బర్లు లేవు. అక్కడ 2023 వానకాలం 40 వనరాజా పిల్లల్ని, 2024 వానకాలం 30 గ్రామప్రియ పిల్లల్ని పెంచిన. రెండూ ఇంటెనక పెంచుకోనీకి సర్కారు సంస్థ తయారు చేసిన కోళ్ల రకాలు. వీటి గురించి యూట్యూబ్‌ల వెతికితే అందరూ నెలకు ఇంత లాభం అని లెక్కలు చెప్పేటోళ్లే. గుడ్లకు వచ్చినంక ఏమైంది, ఎండాకాలం ఎట్ల గడిచింది, వాటికి పుట్టిన పిల్లలు ఎట్లున్నయ్ అని చెప్పేటోళ్లు నాకైతే దొరకలే. అందుకే పొడుగ్గ రాస్తున్న, ఓపికుంటే చదవండి.

అసలు మొదటిసారి మోసపోయిన. ఆ ముందటేడు మా ఊరికి బండి మీద రంగురంగుల కోడిపిల్లలు వేసుకొని ఒకాయన వచ్చిండు, వనరాజా అన్నా సర్కారోళ్లవి, మూడు నెలల్ల రెండు కిలోలు అని. 25 తీసుకున్న. రంగు కడిగితే పోయింది, లోపల అన్నీ తెల్లగ, పెద్దగైనంక చూస్తే ఒక్క పెట్ట లేదు, అన్నీ సన్నటి కాళ్ల పుంజులే. తర్వాత పశువుల దవాఖాన సార్ చెప్పిండు, లేయర్, అంటే గుడ్ల ఫామ్ కోళ్ల హేచరీలల్ల మగపిల్లలు దేనికీ పనికి రావు, గుడ్లు పెట్టవు, కండ పట్టదు, అవే ఇట్ల రంగులేసుకొని ఊర్లమీద తిరుగుతయ్ అని. సో మొట్టమొదటి మాట, ఎవరన్న బండి మీద తెచ్చి వనరాజా అంటే నమ్మకండి. పేరు ఫేమస్ అయినంక దాన్ని ఎవరైనా వాడుకుంటరు.

ఇగ అసలు సరుకు సంగతి. వనరాజా, గ్రామప్రియ రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌ల ఉన్న కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసినవి. 1988ల షురూ అయిన సంస్థ అది. ఫామ్ కోళ్ల మీద చేసేటోళ్లు మస్తుమంది ఉన్నరు కానీ ఇంటెనక పెంచుకునేటోళ్ల కోసం, అంటే షెడ్డు లేని, ఏసీ లేని, పూర తిండి కొనే స్తోమత లేనోళ్ల కోసం కోడిని తయారు చేయాలన్న ఆలోచన వేరే లెవెల్. చూడనీకి నాటుకోడి లాగ రంగులుండాలె, ఎందుకంటే తెల్లకోడి గద్దకు ఆమడ దూరం నుంచి కనపడతది, పైగ మన ఊర్లల్ల తెల్లకోడిని నాటుకోడి రేటుకి ఎవరు కొంటరు. కాళ్లు పొడుగుండాలె, ఉరుకనీకి. బయట తిరిగి పురుగు పుట్ర ఏరుకొని తినాలె. గుడ్లు మాత్రం నాటుకోడి కంటె ఎక్కువ పెట్టాలె. ఇవన్నీ ఒక్క కోడిల పెట్టుడు ఈజీ కాదు.

వనరాజా మాంసానికీ గుడ్లకీ రెండింటికీ, ఏడాదికి 100 నుంచి 110 గుడ్లు అని వాళ్లు చెప్తరు. గ్రామప్రియ ముఖ్యంగ గుడ్లకు, 160 నుంచి 180. శ్రీనిధి అని ఇంకోటి కూడ ఉంది వాళ్లదే, నేను పెంచలే. రాజశ్రీ అని ఇంకోటి వెటర్నరీ యూనివర్సిటీది, అదీ రాజేంద్రనగరే, మా చిన్నాయినోళ్ల ఇంట్ల ఉన్నయ్, మంచిగనే ఉన్నయ్ కానీ నేను లెక్క రాయలే కాబట్టి దాని గురించి మాట్లాడ.

మన నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడతది. దానికి శక్తి లేక కాదు. పది పన్నెండు గుడ్లు పెట్టంగనే దానికి పొదుగు వస్తది, గంపల కూసుంటది, 21 రోజులు కదలది, సరిగ్గ తినది కూడ. పిల్లలైనంక రెండు నెలలు వాటిని రెక్కల కింద పెట్టుకొని తిరుగుతది, కుక్క వస్తే మీదికి ఉరుకుతది, గద్ద నీడ పడితే కూత పెట్టి పిల్లల్ని దాస్తది. అప్పుడంత గుడ్లు బంద్. మళ్ల కోలుకొని గుడ్లకు రావాలె. ఏడాదిల సగం రోజులు తల్లిగనే గడుస్తయ్. ఇప్పుడు ఈ రీసెర్చ్ కోళ్లల్ల ఆ పొదుగు గుణం దాదాపు తీసేసినరు, తరం తర్వాత తరం ఎక్కువ గుడ్లు పెట్టేవాటిని ఏరుకుంట పోతే అది దానంతటదే పోతది కూడ. అంటే మనకు ఎక్స్‌ట్రా వస్తున్న గుడ్లు ఆకాశం నుంచి పడ్డవి కాదు, కోడి తల్లితనంల నుంచి కోసుకున్నవి. ఈ ముచ్చట నాకు ముందే ఎవరన్న చెప్పి ఉంటే నా ఏడు కోడిపిల్లలు బతికుండేవి, ఆ సంగతి కింద చెప్త. ఎందుకంటే కోడి దగ్గర తీసేసిన ఆ పని ఎవరో ఒకరు చేయాలె కద, చేయాల్సింది కొన్నోడే.

మొదటి బ్యాచ్ రోజు పిల్లల్ని అట్టపెట్టెల తెచ్చిన, పొద్దున్నే పోయి ఎండెక్కకముందు ఇంటికొచ్చిన. ఒక రోజు తిండి లేకున్నా ఏం కాదు, పుట్టేముందు గుడ్డులోని పచ్చసొన కడుపులకు పీల్చుకుంటయ్ కాబట్టి రెండు రోజుల దాక దాని మీదనే బతుకుతయ్, దూరం నుంచి తెచ్చుకునేటోళ్లు దాని గురించి పరేషాన్ కావద్దు. ఇంటికి తెచ్చినంక ముందు నీళ్లు, కాచి చల్లార్చిన నీళ్లల్ల కొంచెం బెల్లం కలిపి, ఒక్కోదాని ముక్కు నీళ్లల్ల ముంచి చూపియ్యాలె, తల్లి లేదు కద తాగుడు నేర్పనీకి. తర్వాత తిండి. కింద ఊక మూడు ఇంచులు, దాని మీద మొదటి మూడు నాలుగు రోజులు పేపర్లు, లేకుంటే తిండనుకొని ఊక మింగుతయ్. చుట్టూ రేకు గానీ అట్ట గానీ గుండ్రంగ పెట్టాలె. గుండ్రంగనే ఎందుకంటే మూలలుంటే చలి పెట్టినప్పుడు అన్నీ మూలకు పోయి ఒకదాని మీదొకటి ఎక్కి కిందివి ఊపిరాడక చస్తయ్.

వేడి సంగతి ఇంకా పెద్ద కథ. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్, తర్వాత వారానికి ఐదు డిగ్రీలు తగ్గించుకుంట పోవాలె. థర్మామీటర్ నా దగ్గర లేదు, అక్కర్లేదు కూడ, పిల్లల్నే చూడాలె. బల్బు కింద గుంపుగ ముడుచుకుంటే చలి, దూరం పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైంది, అంతటా చెల్లాచెదురుగ తిరుగుకుంట తింటుంటే కరెక్ట్. బల్బు అంటే ఎల్‌ఈడీ కాదు, అది వెలుగిస్తది గానీ వేడియ్యది. పాత తీగ బల్బు కావాలె, పిల్లకు రెండు వాట్ల లెక్కన. భువనగిరిల నాలుగు షాపులు తిరిగితే ఒక ముసలాయన అటక మీద నుంచి దుమ్ము దులిపి రెండు 60 వాట్ల బల్బులు తీసిచ్చిండు, ఎందుకు బిడ్డా ఇవి అని అడిగి మరీ.

పదకొండో రోజు రాత్రి వాన. కరెంటు పన్నెండు దాటినంక పోయింది, నేను నిద్రల ఉన్న, ఫ్యాన్ ఆగితే మెలకువ వచ్చేది గానీ చల్లగ ఉండేసరికి రాలే. పొద్దున పోయి చూస్తే బల్బు కింద జాగల ఒక కుప్ప, పైనున్నవి బతికినయ్, కింద ఏడు చదునుగ అయిపోయినయ్. గుండ్రంగ పెట్టినా సరే. తప్పు నాదే, కరెంటు పోతే ఏం చేయాలె అని ఒక్కసారి ఆలోచించలే. మా నాయనమ్మ చూసి ఏమన్నదంటే, మేం చిన్నగున్నప్పుడు తల్లి చచ్చిన పిల్లలకు కుంపట్ల నిప్పులేసి బూడిద కప్పి పక్కన పెట్టేటోళ్లం బిడ్డా, తెల్లారేదాక కాక ఉంటది అన్నది. ఆ మాట పదకొండు రోజుల ముందు చెప్పొచ్చు కద నాయనమ్మా అంటే, నువ్వడిగినవా అన్నది. అప్పటి నుంచి రాత్రి బొగ్గుల కుంపటి రెడీ. పొగ లేకుండ బయటే రాజేసి ఎర్రగైనంకనే లోపల పెట్టాలె, గాలి ఆడాలె, పూర మూసేసిన రూంల పెట్టొద్దు, అది మనకూ డేంజరే. రెండో బ్యాచ్‌ల పోయినయ్ రెండే, అవి కూడ మొదటి రెండు రోజుల్లనే నీరసంగ ఉన్నవి.

ఇదంత ఎందుకు ఇంత రాస్తున్ననంటే, ఈ కోళ్లకు అసలు ఖర్చు, అసలు కష్టం మొదటి ఆరు వారాలే. ఆరు వారాలైతే ఇంటెనక వదిలేయొచ్చు, తర్వాత సగం పని వాటిదే. ఆరు వారాలు ఇంట్ల ఎవరూ ఉండరు, ఉద్యోగాలకు పోతం అనుకునేటోళ్లు రోజు పిల్లల్ని తేకండి. ఎవరన్న ఆరు వారాలు పెంచి టీకాలేసి అమ్మేటోళ్లు ఉంటే, రేటు ఎక్కువైనా, అవి తెచ్చుకోండి.

టీకాల దగ్గర ఒక తిరకాసు ఉంది. మెరెక్స్ అనే రోగానికి టీకా హేచరీలనే పుట్టిన రోజు వేస్తరు. తర్వాత ఐదు నుంచి ఏడో రోజు మధ్యల లసోటా, కంట్లనో ముక్కులనో ఒక చుక్క. రెండో వారం గంబోరో అనే రోగానికి టీకా. ఎనిమిది వారాలు దాటినంక రెక్క కింద ఆర్‌టూబీ సూది. లసోటా, ఆర్‌టూబీ రెండూ కొక్కెర తెగులుకే, అదే రాణిఖేత్ అంటరు. మన ఊర్లల్ల ఎండాకాలం ఒక్కో ఇంట్ల రాత్రికి రాత్రి గంపలు ఖాళీ అయితయ్ చూడండి, పచ్చగ పారుడు, మెడ వంకర్లు తిరుగుడు, అదే. రీసెర్చ్ కోడి కదా రోగం రాదు అనుకుంటే మాత్రం పొరపాటు, ఎక్కువ గుడ్లు పెడతది అంటే రోగాలు రావు అని కాదు. తిరకాసు ఏందంటే టీకా సీసా చిన్నదైనా వంద కోళ్లకు వస్తది, నా దగ్గర ముప్పై ఉన్నయ్, ఒక్కసారి కలిపితే రెండు గంటల్లోపు వాడేయాలె, ఆ లోపల కూడ ఐస్ మీదనే ఉండాలె, అందులో ఉన్నది బతికున్న వైరస్సే కాబట్టి వేడి తగిలితే చచ్చిపోతది, అప్పుడు మనం వేసేది ఉత్త నీళ్లే. అందుకని వాడకట్టుల అందరికీ చెప్పి, ఒక పొద్దున పాల క్యాన్‌ల ఐస్ వేసుకొని ఇల్లిల్లు తిరిగినం నేను, మా చిన్నాయిన. నాటుకోళ్లకు కూడ వేసినం. మొదట్ల కొందరు ఒద్దన్నరు, సూదేస్తే గుడ్లు ఆగుతయని. ఆ ఎండాకాలం మా వాడకట్టుల కొక్కెర రాలే, పక్క వాడకట్టుల వచ్చింది. తర్వాత వాళ్లే వచ్చి ఎప్పుడేస్తున్నరు అని అడుగుడు షురూ చేసినరు. నన్నడిగితే నా రెండున్నరేళ్లల్ల కోళ్ల కంటె ఎక్కువ లాభం ఈ టీకా సీసాతోనే అయింది, మా ఊరికి.

బయట వదిలినంక వనరాజా మంచిగ తిరుగుతది, కానీ నాటుకోడంత చురుకు లేదు, ఒప్పుకోవాలె. బరువెక్కువ కద. నాటుపుంజు కుక్కను చూస్తే గోడెక్కుతది, వనరాజా పుంజు గోడ దిక్కు చూసుకుంట ఆలోచిస్తది. కుక్కకు రెండు, గద్దకు ఒక పిల్ల పోయినయ్ మొదటి బ్యాచ్‌ల. రాత్రి తప్పకుండ గూట్ల మూయాలె, చెట్టెక్కి పండుకుంటయ్ అనుకోవద్దు. గ్రామప్రియ కొంచెం తేలిక, కొంచెం హుషారు, దాంట్ల కుక్కకు ఒక్కటి కూడ పోలే. అప్పటికి చుట్టూ కంచె జాలి కూడ కట్టిచ్చిన అనుకోండి.

తిండి ఇంట్లదే, నూకలు, తవుడు, మక్కలు, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, పొద్దున సాయంత్రం ఒక పిడికెడు. పశువుల పెంటకుప్ప పక్కింటోళ్లది ఉంది, పురుగులన్నీ అక్కడనే. గుడ్లకు వచ్చినంక సున్నం కావాలె, లేకుంటే తోలుగుడ్లు పెడతయ్, నేను గుల్లపొడి కలిపిన. ఇక్కడ మా నాయనమ్మ ఒక పని చేసింది. వనరాజా పెట్టలు ఆమె వెనకనే తిరుగుతయ్, మనుషులకు మస్తు మచ్చికైతయ్ ఇవి, ఆమె కొంగుల నూకలు పెట్టుకొని పొద్దంత చల్లుడే. పెట్టలు బలిసి మూడు కిలోలకు వచ్చినయ్, చూడనీకి మంచిగున్నయ్ గానీ గుడ్లు తగ్గినయ్. దవాఖాన సార్ ఒక పెట్టను పట్టుకొని పొట్ట ఒత్తి చూసి, మొత్తం కొవ్వు పట్టింది, దీన్ని గుడ్ల కోసం పెంచుతున్నరా పెండ్లికి పెంచుతున్నరా అన్నడు. వనరాజా పెట్ట రెండున్నర కిలోలు దాటకుండ చూసుకోవాలంట. కొవ్వెక్కిన పెట్ట గుడ్లు సరిగ్గ పెట్టది. నాయనమ్మను ఆపుడు నావల్ల కాలే, నూకల డబ్బా జాగ మార్చినం.

గుడ్ల లెక్క క్యాలెండర్ మీద రాసినం, అమ్మ రోజు సాయంత్రం గీతలు గీసేది. వనరాజా ఆరో నెల ఆఖర్న మొదటి గుడ్డు పెట్టింది. 14 పెట్టలకు ఏడాదికి 1,340 గుడ్లు, అంటే తలకు 96 దాక, వాళ్లు చెప్పిన 100 కన్న కొంచెం తక్కువ, దాంట్ల నాయనమ్మ నూకల వాటా ఎంతుందో దేవునికే ఎరుక. గ్రామప్రియ ఐదున్నర నెలలకే మొదలుపెట్టింది, 13 పెట్టలు 2,100 పైన, తలకు 160 దాటింది. ఎండలు ముదిరినప్పుడు రెండూ తగ్గించినయ్, మే నెల క్యాలెండర్ చూస్తే గీతలు సగమే ఉన్నయ్. గోనెసంచులు తడిపి కొట్టానికి కట్టినంక కొంచెం నయం. ఫామ్‌ల పెంచే లేయర్ కోడి 300 దాటిస్తది కద అంటరు కొందరు, నిజమే, కానీ దాన్ని తెచ్చి మా చింతచెట్టు కింద నూకలేసి పెంచితే 300 పెడతదా? దాని లెక్క దాని పంజరంల, దాని తిండితోని.

మనిషికి ఏడాదికి 180 గుడ్లు తినాలె అని తార్నాకల ఉన్న పోషకాహార సంస్థోళ్లు చెప్తరు. మా ఇంట్ల ఐదుగురం, అంటే 900. ఆ లెక్కన ఆరు గ్రామప్రియ పెట్టలుంటే ఒక ఇంటికి చాలు. నాకు నచ్చిన లెక్క ఇదొక్కటే, మిగతా లాభాల లెక్కలన్నీ పక్కన పెట్టండి. పిల్లలున్న ఇంట్ల ఆరు పెట్టలు, అంతే.

మిగిలిన గుడ్లు కిరాణంల ఇచ్చిన. ఆ షాపాయన నాటుగుడ్లని పెడదాం అన్నా, డబుల్ రేటొస్తది అన్నడు. అబద్ధమెందుకు, మొదటి నెల నేను కూడ ఊకున్న. ఏమైందంటే గ్రామప్రియ గుడ్డు పెద్దది, దగ్గరదగ్గర 60 గ్రాములుంటది, గోధుమ రంగు. నాటుగుడ్డు చిన్నది, తెలుపు మీద కొంచెం మీగడ రంగు. కొన్నోళ్లు చూసి ఇవి నాటుగుడ్లు కావు, ఫామ్‌ల బ్రౌన్ గుడ్లు తెచ్చి మోసం చేస్తున్నరు అని షాపాయన మీదికి పోయినరు. నా కొట్టంల తిరిగి తిని పెట్టిన గుడ్డుకు ఫామ్ గుడ్డని పేరు. అప్పుడు అట్టముక్క మీద గ్రామప్రియ, ఇంటి గుడ్లు అని రాసి పెట్టిచ్చిన, రేటు కూడ నాటుగుడ్డుకూ ఫామ్ గుడ్డుకూ నడిమిట్ల. ఇప్పుడు ఆ పేరుతోనే అడుగుతున్నరు. పెంకు రంగుతోని బలం మారదు, అది జాతి లక్షణం, ఇది షాపాయనకు ఇంకా నమ్మకం కుదరలే. 2025 ఫిబ్రవరిల గోదావరి జిల్లాల్ల బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఇరవై రోజులు ఒక్క గుడ్డు పోలే, ఇంటి గుడ్లైనా సరే. అప్పుడు మాత్రం మేం పొద్దున సాయంత్రం గుడ్లే తిన్నం, బాగ ఉడకబెట్టుకొని.

మాంసం విషయానికొస్తే వనరాజా పుంజులు 12 వారాలకు సగటున కిలో మూడొందలు తూగినయ్ నాకు, బ్రాయిలర్ ఆరు వారాలకే రెండు కిలోలు దాటుతది కాబట్టి దాంతోని పోల్చకండి, నాటుపుంజుకు ఈ బరువు రావాలంటే ఐదారు నెలలు. రుచి నడిమిట్ల ఉంటది. బ్రాయిలర్ లాగ పత్తి నమిలినట్టు ఉండదు, నాటుకోడంత గట్టిగ ఉండదు. మా అమ్మకు నచ్చింది, ఊకె విజిళ్లు పెట్టే పని లేదని. నాయనమ్మ ఒక ముక్క తిని, సర్కారు కోడి అని పేరు పెట్టింది, అంటే మంచిదో చెడ్డదో చెప్పలే. పండుగకు మాత్రం ఇప్పటికీ ఆమె నాటుపుంజునే కోయిస్తది. గ్రామప్రియ పుంజులు సన్నగుంటయ్, కూరకు అంత సరిపోవు, నిప్పుల మీద కాల్చుకోనీకి బాగున్నయ్.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న, ఒకసారి కొంటే వాటి గుడ్లే పొదిగేసుకొని తరతరాలు పెంచుకోవచ్చా? నేను చేసి చూసిన. వనరాజా పెట్టలు పొదగవు, అందుకని మా నాటుపెట్టకు పొదుగొచ్చినప్పుడు దాని కింద తొమ్మిది వనరాజా గుడ్లు పెట్టిన, గుడ్లు పెద్దవి కాబట్టి అంతకన్న పట్టవు దానికి. ఎనిమిది పిల్లలైనయ్. తల్లి మంచిగ సాకింది, బల్బు లేదు, కుంపటి లేదు, ఒక్కటి చావలే, అది చూస్తే సిగ్గేసింది నాకు. కానీ పెరిగినంక చూస్తే రెండు వనరాజా లాగ, మూడు సన్నగ పొట్టిగ, మిగతావి ఎటూ గాకుండ. ఎందుకంటే వనరాజా అనేది ఒక జాతి కాదు, మగ లైన్ వేరు, ఆడ లైన్ వేరు, రెండూ సంస్థ దగ్గర విడివిడిగ పెంచి కలిపితే వచ్చే పిల్ల. ఆ పిల్లకు పిల్లలైతే గుణాలు చెదిరిపోతయ్. మా నాయినకు ఒక్క ముక్కల అర్థమైంది, అంటే పత్తి ప్యాకెట్ లాంటిదన్నట్టు అన్నడు. కరెక్ట్. పత్తి హైబ్రిడ్ ఏటా కొనాల్సిందే. అదే వరి చూడండి, మా నాయిన వేసే తెలంగాణ సోన, ఆర్‌ఎన్‌ఆర్ 15048, అదీ రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రందే, 2015ల వచ్చింది, మంచి మడి చూసి కల్తీ లేకుండ కోసి పెట్టుకుంటే వచ్చే కారుకు అదే విత్తనం. బాపట్ల నుంచి 1986ల వచ్చిన 5204 సాంబమసూరి ఇన్నేళ్లు ఊరూరా నడిచింది అంటే రైతు ఇంట్ల నుంచి రైతు ఇంటికి విత్తనం చేతులు మారబట్టే. ఒకే రాజేంద్రనగర్, వడ్లు ఒక రకం, కోడి ఇంకో రకం. వడ్లిచ్చినోళ్లు విత్తనం కూడ మన చేతికే ఇచ్చినట్టు, కోళ్లల్ల అది కుదరలే. మోసం అనను, కోడిల ఎక్కువ గుడ్లు, రంగు, బరువు అన్నీ కలవాలంటే ఇదే దారి కావచ్చు, కానీ కొనేముందు తెలిసుండాలె.

రేటింగ్ ఇయ్యమంటే గ్రామప్రియకు ఐదుకు నాలుగున్నర. ఆ అర ఎందుకు కోసిన్నంటే, నాకిచ్చింది ఆడ మగ కలిపిన పిల్లలే, సగం పుంజులొస్తయ్, గుడ్ల కోసం తెచ్చుకున్నోనికి ఆ సన్న పుంజులు కొన్ని నెలలు దండగ తిండే. వనరాజాకు మూడున్నర. మాంసం కోసమైతే నాలుగు ఇద్దును, గుడ్లకు దాన్ని తెచ్చుకోవద్దు, తెచ్చుకుంటే మీ ఇంట్ల నూకలు చల్లే నాయనమ్మ లేకుండ చూసుకోండి. తిండి ఖర్చు, బల్బు, కుంపటి, జాలి అన్నీ లెక్కేస్తే మొదటి ఏడాది నాకు మిగిలింది శూన్యం, గుడ్లు తిన్నం అంతే. రెండో ఏడాది జాలి ఖర్చు లేదు కాబట్టి కొంచెం మిగిలింది, ఎంతంటే ఫోన్ రీచార్జులకు పనికొచ్చేంత. దీని మీద ఇల్లు నడుస్తది అని ఎవరన్న చెప్తే నమ్మకండి.

మా నాటుపెట్టలు మాత్రం అమ్మలే, మూడు ఉంచుకున్న. ఈసారి రాజేంద్రనగర్‌కు ఫోన్ చేసి గ్రామప్రియ పిల్లలు ఎప్పుడు దొరుకుతయో కనుక్కొని, ఆ తారీఖుకు ముందు నుంచే ఒక నాటుపెట్టకు పొదుగు తెగకుండ కింద ఉత్తుత్తి గుడ్లు పెట్టి కూసోబెట్టి ఉంచుదామని చూస్తున్న. రాత్రి పూట చీకట్ల గుడ్లు తీసి ఒక పది పిల్లల్ని మెల్లగ దాని రెక్కల కింద జారిస్తే తనయే అనుకొని సాకుతదంట, నాయనమ్మ చెప్పింది, ఈసారి అడక్కముందే. మిగతా ఇరవైకి బల్బే. ఆరు వారాలైనంక రెండు గుంపులనూ తూకం వేసి పెడత.